రక్తపిశాచమును బెండ్లిపందిరియును

పెండ్లి మంగళకార్యము. పిశాచము పేరెత్తుటయే యమంగళమని పెద్దలు పెండ్లియింట దాని ప్రసంగమును రానీయరు. అట్టి రెండింటి నొక్క కథయందుఁ గూర్చుట మొదట విన్నవారికి విపరీతముగాఁ దోఁచును. కాని సారస్వతచరిత్రమును బరిశీలించినచో నీ కూర్పు క్రొత్తది గాదు. యూరపుఖండమున రక్తపిశాచకథ 1819వ సంవత్సరమునఁ బెండ్లియింటఁ బ్రవేశించినది. మఱుసటి సంవత్సరమే ప్రహసనముగా మాఱి పారిస్ నగరజనులను నవ్వించినది. సంస్కృతమున భవభూతి మాలతీమాధవమునందును, దెలుఁగున గురజాడ అప్పారావు కన్యాశుల్కమునందును బెండ్లిపనుల నడుమనే పిశాచప్రసంగము వచ్చుచున్నది.

హాస్యమునకు భయానకము విరోధి యని సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడు చెప్పెను. శృంగారమునకును నది విరోధియే. అట్లయ్యును బై కథలలో శృంగారహాస్యభయానకములు మూఁడును నొక్క యింటఁ గాఁపురము సేయుచున్నవి. వీనిని రసభంగదుష్టములని త్రోసివేయవలయునా? లేక వీనికి శాస్త్రసమ్మతమగు సమాధానము కలదా? పాఠశాలలయందు నాటకములు బోధించువారికిఁ దఱచుగాఁ దటస్థించు ప్రశ్న కావున దీనిని సావధానముగా విచారించుట యుక్తము.

వాంపైరు, వేతాళుఁడు, పిశాచము

వాంపైరను శబ్దము సెర్బియాదేశమునుండి పడమటి భాషలలోనికి వచ్చినది. 1725లోఁ గిసిల్యెవో గ్రామమునందును, 1731–32లలో మెద్వెజ గ్రామమునందును, జచ్చినవారు గోరీలనుండి లేచివచ్చి బ్రదికియున్నవారిని బీడించుచున్నారని జనులు మొఱపెట్టఁగా నాస్ట్రియా ప్రభుత్వోద్యోగులు విచారించి నివేదికలు పంపిరి. అవి పత్రికలకెక్కి యీ పేరును యూరపంతటను వ్యాపింపఁజేసినవి. 1755లో రాణి మరియా థెరీసా తన వైద్యుఁడగు జెరార్డ్ వాన్ స్వీటెన్ చేసిన విమర్శనుబట్టి, శవములను ద్రవ్వితీసి శిక్షించు నాచారమును నిషేధించెను. ఈ గ్రామకథలలోని వాంపైరు దొర కాఁడు, వరుఁడును గాఁడు. ఊరిలోఁ జచ్చిన సామాన్యుఁడు. మొట్టమొదటఁ దన యింటివారిని, నిరుగుపొరుగువారినే పీడించును.

1870లో రిచర్డ్ బర్టన్ అను నాంగ్లేయుఁడు వేతాళకథలను గొన్నింటిని స్వేచ్ఛగాఁ దన భాషలోనికిఁ దెచ్చి, గ్రంథనామమున విక్రమునిప్రక్క వాంపైరును నిలిపెను. దానిచే వేతాళుఁడును వాంపైరును నొక్కటియే యను భ్రమ పెరిగినది. వేతాళుఁడు పరశవమునం దావేశించు భూతము. వాంపైరు తన శరీరముతోఁ దానే తిరుగు శవము. కథాసరిత్సాగరమున వేతాళుఁడు త్రివిక్రమసేనుని రక్తము కోరఁడు, ఉత్తరము కోరును; తుదకు భిక్షువు పన్నిన కపటమును దెలిపి యా రాజును గాపాడును. అతఁ డడుగు ప్రశ్నలలోఁ గొన్ని వివాహధర్మసందేహములే. మందారవతి యను కన్య మరణింపఁగా, నామెను గోరివచ్చిన మువ్వురిలో నొకఁడు చితాభస్మముపైఁ బరుండెను. ఒకఁ డస్థులను గంగకుఁ గొనిపోయెను. ఒకఁడు దేశములు దిరిగి మంత్రము సంపాదించి బ్రదికించెను. ఆమె యెవరికి భార్య? బ్రదికించినవాఁడు తండ్రితో సమానుఁడు, అస్థులు గంగఁ గలిపినవాఁడు పుత్రునితో సమానుఁడు, భస్మమును విడువక పరుండినవాఁడే భర్త యని రాజుతీర్పు. కావున వేతాళుఁడు పెండ్లితగవులలోఁ బ్రశ్నించు పెద్దమనుష్యునివంటివాఁడే కాని పెండ్లికొడుకు కాఁడు.

పిశాచశబ్ద మింతకంటె దగ్గఱగా నున్నది. పిశితమనఁగా మాంసము, దానిని దినునది పిశాచమని పృషోదరాదిగణమునఁ జేర్చి వైయాకరణులు సాధింతురు. రక్తమును విశేషించి చెప్పుటకై రక్తపిశాచమని తెలుఁగున వాడుట యుక్తము. ఈ శబ్దమును గ్రహించుటకు మఱియొక బలవత్తరమైన కారణము గలదు. అది ధర్మశాస్త్రమునందలి వివాహవిభాగము.

రూపమును దత్త్వమును

మనువు వివాహములను బ్రాహ్మము, దైవము, ఆర్షము, ప్రాజాపత్యము, ఆసురము, గాంధర్వము, రాక్షసము, పైశాచము అని యెనిమిదిగా విభజించెను. శ్రుతశీలములు గల వరుని బిలిచి, కన్య నలంకరించి యిచ్చుట బ్రాహ్మము. ధనమిచ్చి కన్యను గైకొనుట యాసురము. వధూవరులు పరస్పరేచ్ఛచేఁ గూడుట గాంధర్వము. నిదురించుదానిని, మత్తురాలిని, ఏమఱియున్నదానిని రహస్యముగాఁ బొందుట పైశాచము. ఎనిమిదింటిలో నిది యధమము.

అమరసింహుఁడు గంధర్వులను బిశాచములను దేవయోనులలో నొక్కవరుసనే చెప్పెను. ఒక్క వరుసలోని యా రెండుపేర్లే ధర్మశాస్త్రమున రెండు భిన్నవివాహములకు వచ్చినవి. రెండును బెద్దలకుఁ దెలియకుండ జరుగఁగలవి. రెండింటను మంత్రము లేదు, మేళము లేదు. బయటినుండి చూచువాని కీ రెండును నొక్కవిధముగనే కనఁబడును. మఱి భేద మెచట నున్నది? వధువుయొక్క యెఱుకయందు. గాంధర్వమున వధువు వరు నెఱిఁగి వరించినది. పైశాచమున నామె కా యెఱుకయే లేదు.

ఈ లక్షణమును జేతఁబట్టుకొని చూచినచోఁ బెండ్లితోఁ గూడిన రక్తపిశాచకథలు రెండుతెగలుగా విడిపోవును. రూపమున బ్రాహ్మమై తత్త్వమునఁ బైశాచమైనది భయానకకథ. రూపమునఁ బైశాచమువలెఁ దోఁచి తత్త్వమున గాంధర్వమైనది హాస్యకథ. వధువునకుఁ దెలియనిచో వెఱపు, తెలిసినచో నవ్వు. ఈ సూత్ర మెంతవఱకు నిలుచునో లక్ష్యములందుఁ బరీక్షింపవలయును.

పొలిడోరి కథ

గ్రామమునందలి శవమును దొరగా మార్చి పెండ్లికొడుకును జేసినవాఁడు జాన్ పొలిడోరి. ఇతఁడు బైరన్‌కవికి వైద్యుఁడుగా నుండి, 1816లో జెనీవాసరస్సుతీరమున నతనితోఁ గాలము గడపెను. ఇతని కథ 1819 ఏప్రిలులో లండన్ పత్రికయందుఁ బొరపాటున బైరన్ పేరితో వెలువడెను. అందు రూథ్వెన్ ప్రభువు రక్తపిశాచము. ఆబ్రీ యను యువకుఁ డతనితో దేశాటనము చేసి, అతఁడు చచ్చుటను గన్నులారఁ జూచెను. చచ్చునపు డతఁడు తన చావును, దన చేసిన పాపములను నొక సంవత్సరము నొకదినమువఱకు వెల్లడింపనని యాబ్రీచేఁ బ్రమాణము చేయించుకొనెను. పిమ్మట నాబ్రీ స్వస్థలమునకు రాఁగా నా ప్రభువు సజీవుఁడై సభలలోఁ గనఁబడెను. కొంతకాలమునకుఁ దన చెల్లెలికి నిశ్చయమైన వరుఁ డతఁడే యని తెలిసెను.

ఇఁక నింటఁ బెండ్లిపనులు. ఆబ్రీ మాటాడఁబోయిన ప్రమాణము నోరు మూయును. పెండ్లి యొక్కదినమైన నాపుఁడని ప్రాధేయపడినచో మతిచలించినదని సంరక్షకులు గదిలో నుంచిరి. గడువు దీఱి యతఁడు నోరు విప్పునప్పటికి వధువు వరునితో వెడలిపోయినది. పెద్దల యనుమతి, అలంకారము, లోకమర్యాద మున్నగు బ్రాహ్మలక్షణములకుఁ గొఱఁత లేదు. వధువును సమ్మతించినదే, కాని తా నెవనికి సమ్మతించినదో యెఱుఁగదు. మనువు చెప్పిన నిదుర కన్నుల నిదురయే కానక్కఱలేదు. ఇచట నిల్లెల్లను నిదురించుచు నిదురించుదానిని దన చేతులతోఁ దానే యలంకరించి యప్పగించినది. ఈ కథలోని భయమునకు మూలము రక్తపానము కాదు, ఈ యప్పగింతయే.

ఇట్టి కథకుఁ బెండ్లియిల్లే తగినచోటు. తక్కినదినములలోఁ గ్రొత్తవాఁడు వాకిట నిలిచినచో నెవరు నీవని యడుగుదురు. పెండ్లినాఁ డాఁడుపెండ్లివారు వానిని మగపెండ్లివారి బంధువనియు, మగపెండ్లివా రాఁడుపెండ్లివారి బంధువనియుఁ దలఁతురు. ఇరువాగులవారును బీఁటవేసి కూర్చుండఁబెట్టుదురు. వంటశాల కట్టెలు, వాద్యగాండ్ర బసలు, అలిగిన బంధువుల బుజ్జగింపులు, వీనిలోఁ దలమునుకలైన గృహస్థునకు వరుని మొగము తేఱిపాఱఁ జూచు నవకాశమైన నుండదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత యూరక పుట్టలేదు.

రంగస్థలమున ముహూర్తము

1820 జూన్ 13వ తేదిని బారిస్ నగరమున షార్ల్ నోడియే మఱి యిరువురితోఁ గలసి వ్రాసిన వాంపైరునాటకము ప్రదర్శింపఁబడెను. ఆ యాగస్టు 9వ తేదిని లండనులో ప్లాంషే దాని నాంగ్లరంగమునకుఁ దెచ్చెను. ఇందొక విశేష మున్నది. చంద్రాస్తమయమునకు ముందే రక్తపిశాచము వివాహమాడవలయును, లేనిచో నశించును. కావునఁ దొందరపడువాఁడు వరుఁడు. పురోహితుఁడు ముహూర్తము మించిపోవుచున్నదని కేకలు వేయుట పెండ్లిండ్లలో నందఱు నెఱిఁగినదే. ఇచట నా తొందర పిశాచముది. ఆలస్యమే వధువునకు రక్ష. వధువు తండ్రి యెట్లో జాగు చేయఁగాఁ జంద్రుఁ డస్తమించును, పిడుగు పడి పిశాచము నశించును. పెండ్లి తప్పుటయే మంగళమైన కథ యిది.

గోబ్‌తూ దొర తోఁట

నోడియే నాటకము పారిస్‌లో నడచుచున్న యా జూన్ మాసముననే బ్రాజ్యే, గబ్రియేల్, అర్మాన్ అను మువ్వురు గూడి యొక యేకాంకప్రహసనమును వరియేటే నాటకశాలలో నాడించిరి. దాని పేరు “ముగ్గురు వాంపైర్లు, లేక వెన్నెల”. అందలి గృహస్థు పేరు గోబ్‌తూ. ఫ్రెంచిభాషలో నా పేరునకు సర్వమును మ్రింగువాఁడని యర్థము. వినినదెల్ల నమ్మువాఁడని లక్ష్యార్థము. సార్థకనామము పెట్టుట ప్రహసనకారులకు దేశభేదము లేని యాచారము. గోబ్‌తూ దొరకు రక్తపిశాచకథలు తలకెక్కినవి. వెన్నెలరాత్రి యతని తోఁటలో మూఁడు మనుష్యాకృతులు సంచరించుచుండెను. అవి పిశాచములే యని యతఁడు నిశ్చయించుకొని గడగడ వడఁకెను. నిజమునకు వారు దొరకూఁతుండ్రను, నింటిదాసిని వలచి వచ్చిన యువకులు. భ్రాంతి తొలఁగఁగానే కథ పెండ్లిండ్లకుఁ దిరుగును.

పొలిడోరి కథ నిచటఁ దలక్రిందు చేసినారు. అచట నిల్లు పిశాచమును వరుఁడనుకొన్నది. ఇచట గృహస్థు వరులను బిశాచము లనుకొన్నాఁడు. అచటఁ దెలిసినవాఁ డొక్కఁడు, తెలియనివారందఱు; ఇచటఁ దెలియనివాఁ డొక్కఁడు, తెలిసినవారందఱు. కన్యలకుఁ దమ కోసము వచ్చినవా రెవరో సందేహము లేదు. వలపు మొదటినుండి గాంధర్వమే. దానికిఁ బైశాచమను పేరు పెట్టినది తండ్రి భయము మాత్రమే.

విరోధపరిహారము

ఇఁక విశ్వనాథుని నిషేధమున కేమి సమాధానము? విరుద్ధరసముల కేకాశ్రయత్వము గూడదు, ఆశ్రయమును భేదించినచో దోషము లేదని యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునఁ జెప్పెను. నాయకునియందు వీరమును, బ్రతినాయకునియందు భయమును నిలిపిన విరోధము పోవుననుట దాని కుదాహరణము. పారిస్ ప్రహసనమున రతి కన్యలయందును, భయము తండ్రియందును నున్నవి. వెన్నెలయొక్కటే, అది తోఁటలోనివారి కుద్దీపనవిభావము, కిటికీకడ నిలిచినవానికి భయకారణము. ఆశ్రయభేదమున కింతకంటెఁ జక్కని లక్ష్య మరుదు.

అభినవగుప్తుఁడు మఱియొకయడుగు ముందునకుఁ బోయెను. అనౌచిత్యమునఁ బ్రవర్తిల్లిన యే భావమైనను నాభాసమై హాస్యమునకు విభావమగునని యాతని సిద్ధాంతము. తగనిచోటఁ బొందిన వెఱపు భయానకము గాదు, భయానకాభాసము. అది చూచువానికి నవ్వు పుట్టించును. కావున హాస్యమునకు విరోధి యైనది నిజమగు భయానకమే కాని దాని యాభాసము గాదు. ఆభాసము హాస్యమునకుఁ గన్నతల్లి. ఈ వివేచనముచే విశ్వనాథుని వాక్యమునకును, నీ కథలకును గలహము లేకపోయినది.

దీనికి వ్యతిరేకదృష్టాంతము హైన్రిఖ్ మార్ష్‌నర్ రచించిన వాంపైరు సంగీతనాటకము. ఇది 1828లో లైప్‌జిగ్ నగరమునఁ బ్రథమముగాఁ బ్రదర్శితమైనది. అందు ఎమ్మీ యను పల్లెపడుచు పెండ్లిసంబరము జరుగుచుండును. త్రాగుఁబోతులు పాడుదురు, భార్యచేఁ జీవాట్లు తిందురు, ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వుల నడుమనే రూథ్వెన్ పెండ్లికూఁతును మాటలఁ బెట్టి కొనిపోయి చంపును. హాస్యసామగ్రి యెంత యున్నను గథ హాస్యకథ గాలేదు. నవ్వినందులకుఁ బ్రేక్షకునికిఁ బశ్చాత్తాపము గలుగును. కారణము వధువునకుఁ దెలియకపోవుటయే. పైనఁ జెప్పిన సూత్ర మన్వయవ్యతిరేకములు రెండింటను నిలిచినది.

మాలతీమాధవము

భవభూతి దశాంకప్రకరణమున నీ రెండుతెగలును నొక్కచోటఁ గలసినవి. పద్మావతీరాజు తన నర్మసచివుఁడగు నందనునికి మాలతిని గోరును. ఆమె తండ్రియగు భూరివసుమంత్రి, తన కన్యకపై మహారాజునకుఁ బ్రభుత్వము గలదని బదులు చెప్పును. తన యనుట మంత్రిపరముగాఁ గొన్న సమ్మతి, రాజుపరముగాఁ గొన్న నిరాకరణము. ఏలయన మాలతి రాజుకూఁతురు గాదు. శబ్దమర్యాద నెఱిఁగిన కామందకి యీ రెండవయర్థమును బట్టియే కథ నడపును. అయినను బయటఁ బెండ్లిపనులు సాగుచునే యుండును.

మాధవుఁడు నిరాశుఁడై శ్మశానమునఁ బిశాచములకు నరమాంస మమ్మఁబోవును. అయిదవయంకములోని యా పిశాచములు నిజమైనవి. అచట హాస్యము లేదు, ఉండఁదగదు. అప్పుడే యఘోరఘంటుఁడు మాలతిని బలియీయఁబోఁగా మాధవుఁ డామెను రక్షించును. ఆఱవయంకమున మకరందుఁడు మాలతికై తెచ్చిన పెండ్లిచీరలు గట్టుకొని నందనుని యింటికి వధువై పోవును. ఏడవయంకమున, దగ్గఱకు వచ్చిన వరుఁ డా క్రొత్తపెండ్లికూఁతుచే దెబ్బలు తిని వెడలిన వార్త వినఁబడును. వదినెను మందలింపవచ్చిన మదయంతిక, ముసుఁగులోనున్నది తాను వలచిన మకరందుఁడే యని గుర్తించి యతనితో వెడలిపోవును.

ఇచట నవ్వునకు విదూషకుఁ డక్కఱలేకపోయెను. భవభూతి యీ ప్రకరణమున వానిని బెట్టనే లేదు. వధువునకు సర్వము దెలియును, వరునికే తెలియదు, అంతియే చాలినది. అయిదవయంకపు భయమునకును, నేడవయంకపు నవ్వునకును నడుమ వీరమును, శృంగారమును వచ్చుటచే నైరంతర్యదోషమును దప్పినది. విరుద్ధముల నడుమ మఱియొక రసము నుంచుట యానందవర్ధనుఁడు చూపిన రెండవ మార్గము.

కన్యాశుల్కము

1892లో విజయనగరమునఁ బ్రథమముగా నాడఁబడి, 1897లో ముద్రితమై, 1909లోఁ బెంపుచేయఁబడిన కన్యాశుల్కమునందును బెండ్లికూఁతురు బాలుఁడే. కరటకశాస్త్రి తన మేనకోడలగు సుబ్బిని వృద్ధుఁడగు లుబ్ధావధాన్లనుండి తప్పించుటకై, శిష్యునికి స్త్రీవేషము వేసి వెల పుచ్చుకొని యతనికే కట్టఁబెట్టును. పిమ్మటఁ బెండ్లికూఁతురు మాయమగును. అంతట భూతవైద్యుఁడగు పూజారి గవరయ్య వచ్చి, ఆ పిల్ల మనిషి గాదు, కామినీపిశాచమని తేల్చి, సీసాలో బిగించితినని నమ్మించును.

భవభూతి మకరందుని వేషమును జదివినవారి కీ శిష్యుని వేషము వింతగాఁ దోఁపదు. ఇరువురు పెండ్లికూఁతుండ్రును వరునికంటె నెక్కుడు తెలిసినవారే. కావున రెండుచోట్లను నవ్వు. గురజాడ చేర్చినది సీసా. మనువు లెక్కలో ధనమిచ్చి కన్యను గొనుట యాసురము. ఆసురమునకుఁ బూనినవాఁడు తన చేఁతను నిందించుకొనఁడు. చేతులు జాఱిన వధువునకుఁ బిశాచమని పేరుపెట్టి యూఱడిల్లును. గోబ్‌తూ దొర భయముచేతఁ బెట్టిన పేరును, గవరయ్య లాభముకొఱకుఁ బెట్టును. మొదటినవ్వు నిర్మలము, రెండవనవ్వులోఁ జుఱుకు గలదు. పసిబాలికలను వృద్ధులకు నమ్ము దురాచారము కవి కన్నులయెదుట నున్నది. సుబ్బికి నిజముగా నా పెండ్లి జరిగియున్నచో నీ నాటకమున నవ్వునకుఁ దావుండెడిది గాదు.

కావున నీ కథలను బోధించువారు పిశాచ మున్నదా లేదా యను చర్చతోఁ గాలము పుచ్చక, వధువునకుఁ దెలిసిన దెంత యని విద్యార్థులచేఁ బ్రశ్నింపఁజేయుట మేలు. మనుస్మృతి యష్టవివాహవిభాగమును, ధ్వన్యాలోకతృతీయోద్యోతమును దగ్గఱ నుంచుకొని యీ నాటకములను జదివించినచో ధర్మశాస్త్రమునకును నలంకారశాస్త్రమునకును గల సంబంధమును బాలురకు బోధపడును. తెలుఁగు పెండ్లిండ్లలో ముహూర్తమువఱకు వధూవరుల నడుమఁ దెరపట్టు నాచార మున్నది. తెర దింపినపుడు వధువు చూచు మొగ మామె యెఱిఁగినదియా, యెఱుఁగనిదియా యనుదానిపైఁ దక్కిన కథయెల్ల నాధారపడియుండును. కవులు దానిని దెలిసికొనియే యొకచో నవ్వించిరి, ఒకచో వెఱపించిరి. విమర్శకులును దానినే ప్రమాణముగాఁ గొని యట్టి కథల గుణదోషములను నిర్ణయింతురుగాక.